బెండ్లు కట్టుకోకుండా బావిలో దూకేవాళ్ళకు

డిసెంబరు వచ్చిందంటే చాలు, మన సాఫ్ట్‌వేర్ సోదరులకు ఒక్కసారిగా మంచు మీద భక్తి పుట్టుకొస్తుంది. ఏడాది పొడుగునా ఏసీ గది దాటి బయటికి రానివాడు కూడా "ఈసారి స్నోబోర్డింగ్ కొట్టాల్సిందే" అంటాడు. వెంటనే ఒక వాట్సప్ గ్రూపు, దాని వెంట ఒక ఎక్సెల్ షీటు. నేను సెలవుకని మా ఊరు తొగుట వచ్చినా ఆ షీటు నన్ను వదల్లేదు. పద్నాలుగు మంది, మూడు బండ్లు, ఆరు బెడ్రూముల ఇల్లు, ఫిబ్రవరి మూడో సోమవారం కలిసొచ్చే లాంగ్ వీకెండు, లేక్ తాహో దగ్గర ఒక పెద్ద రిసార్టు.

ఆ షీటును శ్రద్ధగా చదివాను. చెప్పకేం, మనవాళ్ళ పనితనానికి ముచ్చటేసింది. పులిహోర ఎవరు తెస్తారు, మ్యారినేట్ చేసిన చికెన్ ఏ కూలర్లో పెట్టాలి, పెరుగు ఎన్ని డబ్బాలు, ఆవకాయ సీసా ఎవరి బండిలో, స్పీకరు ఎవరిది, డ్రోన్ ఎవరిది... అన్నిటికీ గడులున్నాయి. పాఠం అనే గడి మాత్రం లేదు. హెల్మెట్ అనే గడి లేదు. ఇన్సూరెన్స్ అనే గడి అసలే లేదు. పద్నాలుగు మందిలో అంతకుముందు బోర్డు మీద నిలబడ్డవాడు ఒక్కడే, వాడూ ఒకే ఒక్కసారి. ఒక రిలీజు బయటికి పోవాలంటే టెస్ట్ ప్లాన్, రోల్‌బ్యాక్ ప్లాన్, నలుగురి అప్రూవల్ అడిగే జాతి మనది. సొంత ఎముకల విషయానికొచ్చేసరికి శుక్రవారం సాయంత్రం నేరుగా ప్రొడక్షన్‌లోకి తోసేస్తాం!

దీని మీదే నా గొడవ. కానీ ఈ గొడవలో ఇంకో పక్షం వాళ్ళు నన్ను వాళ్ళ మనిషని అనుకునే ప్రమాదముంది కాబట్టి ముందు వాళ్ళ సంగతి తేల్చేస్తాను.

"మనకెందుకండీ ఆ గోల" పక్షం

వీళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. "అది తెల్లోళ్ళ ఆట. పుట్టినప్పట్నుంచీ మంచులో పెరిగినోళ్ళకే చెల్లు. మన ఒళ్ళు దానికి పనికిరాదు" అని తీర్పు చెప్పి, పేకముక్కలు పంచుకుంటూ కూచుంటారు. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఇదే మాట ఇంకా అందంగా చెప్పాడు: "పైసలిచ్చి కాళ్ళిరగ్గొట్టుకునుడేంది బిడ్డా?" ఆయన అడిగితే అర్థముంది, ఆయనకు మంచంటే ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే. మనకేమొచ్చింది?

అసలు స్నోబోర్డు చరిత్ర తెలిస్తే ఈ "వాళ్ళ ఆట" అనే మాట నోటికి రాదు. 1965లో మిషిగన్ రాష్ట్రం మస్కీగన్ ఊళ్ళో షెర్మన్ పాపెన్ అనే ఆయన, పిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించాడు. అది స్నర్ఫర్ అయింది. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డుల కంపెనీ పెట్టాడు. అప్పటికి ఈ బోర్డువాళ్ళను పెద్ద స్కీ రిసార్టులు లిఫ్టు దగ్గరికి కూడా రానిచ్చేవి కావు. అల్లరి మూక, పద్ధతి లేని పిల్లకాయలు, మా కొండను పాడుచేస్తారు అని వెలివేశారు. 1998లో నగానోలో ఒలింపిక్స్ దాకా వెళ్ళిన ఆట ఇది. అయినా యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్... ఈ మూడు చోట్లా ఇప్పటికీ స్నోబోర్డుకు ప్రవేశం లేదు. స్కీలకు మాత్రమే.

అంటే ఇది గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళు నిలదొక్కుకుని గెలుచుకున్న ఆట. "ఇది నీకు కాదు" అనే మాట మనం చాలాచోట్ల విన్నాం. ఇంగ్లీషు మీకు రాదన్నారు, కంప్యూటర్ మీవల్ల కాదన్నారు. తొగుటలో పుట్టినవాడు కొండ మీద బోర్డెక్కకూడదని ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. ఒంటికి పుట్టిన ఊరుతో పనిలేదు, నేర్చుకున్న దానితోనే పని.

కాబట్టి వెళ్ళొద్దని నేను అనట్లేదు. తప్పకుండా వెళ్ళమనే అంటున్నాను. మీరు వెళ్ళే తీరు మీదే నాకు ఒళ్ళు మంట.

కొండ ఎంత పెద్దది, మీకు ఎంత కావాలి?

ఎక్సెల్ పక్షం వాళ్ళ మొదటి జబ్బు: అన్నిటికంటే పెద్ద కొండే కావాలి. కెనడాలో విస్లర్ బ్లాక్‌కోంబ్ 8,171 ఎకరాలు, ఉత్తర అమెరికాలోనే పెద్దది. యూటాలో పార్క్ సిటీ 7,300 ఎకరాలు. తాహోలో హెవెన్లీ 4,800 ఎకరాలు. ఈ అంకెలు చూసి మనవాళ్ళు మురిసిపోతారు, "డబ్బుకు తగ్గ కొండ" అంటారు.

మా తొగుట రైతును అడగండి, ఎకరమంటే ఏందో చెప్తాడు. రెండెకరాలు దున్నలేనివాడు ఎనిమిది వేల ఎకరాలు కౌలుకు తీసుకుంటే ఊళ్ళో ఏమంటారో కూడా చెప్తాడు. మొదటిరోజు బోర్డు ఎక్కేవాడికి కావలసిందల్లా కింద, పిల్లలు కూడా జారే ఒక మెత్తని వాలు, మెల్లగా పైకి లాగే ఒక బెల్టు. అది యాభై ఎకరాల ఊరికొండ మీదా ఉంటుంది, విస్లర్‌లోనూ ఉంటుంది. విస్లర్‌లో మిగతా ఎనిమిది వేల చిల్లర ఎకరాలు మీరు కింద నుంచి తలెత్తి చూడ్డానికే. ఆ చూసినందుకు కూడా టికెట్టులో డబ్బులు తీసుకుంటారు.

టికెట్టంటే గుర్తొచ్చింది. కొలరాడోలో వెయిల్ రిసార్టులో రద్దీ రోజు ఒక్కరోజు టికెట్టు అక్కడికక్కడ కొంటే 2024-25 సీజన్లోనే 300 డాలర్లు దాటింది. ఆ ధర ఎందుకు అలా పెట్టారో ఆలోచించండి. 2008లో వెయిల్ కంపెనీ ఎపిక్ పాస్ తెచ్చింది, 2018లో పోటీగా ఐకాన్ పాస్ వచ్చింది. సీజన్ మొదలుకాకముందే పాస్ కొనిపించాలి, మంచు పడినా పడకపోయినా డబ్బు ముందే చేతిలో పడాలి. ఇదీ వాళ్ళ లెక్క. ఆఖరి నిమిషంలో కౌంటర్ దగ్గర నిలబడేవాడే దండుగమారి. ఆ దండుగమారి పాత్ర ఏటా మనవాళ్ళే పోషిస్తారు, పైగా లాంగ్ వీకెండులో. ఆ మూడు రోజులూ లిఫ్టు క్యూ చూస్తే దసరా ముందు రోజు జేబీఎస్ బస్టాండు నయమనిపిస్తుంది. చౌకరకం పాసులు కొన్నిటికి ఆ సెలవు రోజుల్లో అనుమతే ఉండదు. రిసార్టువాడే "ఈరోజు రావద్దు రా బాబూ" అని నిషేధం పెట్టుకున్న రోజున, మనం పద్నాలుగు మందిమి పులిహోరతో దిగుతాం.

మూడొందలు పెట్టాం కదా, ఇక వసూలు చెయ్యాలి! పొద్దున తొమ్మిదికి ఎక్కి సాయంత్రం నాలుగు దాకా దిగకూడదు. మధ్యాహ్నానికే కాళ్ళు వణుకుతుంటాయి. అయినా "ఇంకొక్క రన్" అంటారు. అలసిపోయిన కాళ్ళతో లాగే ఆ ఆఖరి రన్నులే మనిషిని పడేస్తాయి.

మణికట్టు మీద బతికేవాళ్ళం

స్కీకీ స్నోబోర్డుకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్కీలో రెండు కాళ్ళూ విడివిడిగా ఉంటాయి, పడితే బూట్లు స్కీల నుంచి ఊడొస్తాయి. అందుకే అక్కడ దెబ్బ ఎక్కువగా మోకాలికి. బోర్డు మీద రెండు పాదాలూ ఒకే చెక్కకు బిగించి ఉంటాయి, ఊడవు. మీరు పక్కకు తిరిగి నిలబడి, మడమల వైపు అంచు మీదో, వేళ్ళ వైపు అంచు మీదో బరువు వేసి జారాలి. చెక్క చదునుగా ఉన్న క్షణంలో కిందివైపు అంచు మంచులో గుచ్చుకుందా, అయిపోయింది. అడుగు ముందుకేసి నిలదొక్కుకోవడానికి కాలు ఖాళీ లేదు. ముందుకు పడితే చేతుల మీద, వెనక్కి పడితే నడుము మీద, తల వెనకభాగం మీద. రెప్పపాటులో జరుగుతుంది, ఆలోచించే టైముండదు.

చేతులు చాపి పడటం మనిషి సహజ గుణం. అందుకే స్నోబోర్డు గాయాల్లో అందరికంటే ముందుండేది మణికట్టు. అదీ ముఖ్యంగా కొత్తవాళ్ళకు. మణికట్టుకు గార్డులు వేసుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నారు. జాకెట్టుకు పెట్టే ఖర్చు ముందు వాటి ఖరీదు ఒక లెక్కలోది కాదు. మన షీటులో జాకెట్ల రంగుల గురించి నలభై మెసేజీలు నడిచాయి, గార్డుల గురించి ఒక్కటీ లేదు.

మిగతావాళ్ళ సంగతి వదిలేయండి. మనం దేనిమీద బతుకుతున్నాం? మా నాయిన బతుకు భుజం మీద నడిచింది, మన బతుకు మణికట్టు మీద నడుస్తోంది. కుడిచేతికి ఆరువారాలు కట్టు పడితే కీబోర్డు ఎవడు కొడతాడు? హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది ఎక్కువలో ఎక్కువ అరవై రోజులు. లేఆఫ్‌ల కాలంలో ఆ అరవై రోజుల్లో ఒంటిచేత్తో కోడింగ్ ఇంటర్వ్యూలు ఇవ్వాలా? ఇంటి దగ్గర నెలనెలా పంపే డబ్బు, హైదరాబాదు ఫ్లాటు ఈఎంఐ, చెల్లెలి పెళ్ళి... ఇవన్నీ ఆ రెండు చిన్న ఎముకల మీద నిలబడి ఉన్నాయి. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఏ నెట్‌వర్కు, డిడక్టిబుల్ ఎంత, వేరే రాష్ట్రంలో, వేరే దేశంలో చెల్లుతుందా... ఒక్కడైనా పాలసీ తెరిచి చూశాడా? సియాటిల్ నుంచి విస్లర్‌కు పోయేవాళ్ళు దేశం దాటుతున్నారు. కెనడా వీసా ఒకటి, తిరిగొచ్చేటప్పుడు అమెరికా స్టాంపింగ్ గొడవ ఇంకొకటి. దానికి విరిగిన చెయ్యి తోడైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

భయపెడుతున్నానని అనుకోకండి. బతుకుతెరువును పందెం కాస్తున్నప్పుడు పందెం ఎంతో తెలిసి కాయమంటున్నాను, అంతే.

ఈత ఎలా నేర్పారు?

"పాఠాలెందుకు, యూట్యూబ్‌లో చూశాం. రెండుసార్లు పడితే అదే వస్తుంది" అనేది మనవాళ్ళ వాదన. పడితే వస్తుందట! వచ్చేది ఆటా, కట్టా?

మా తొగుట చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలకు ఈత ఎక్కడ నేర్పేవాళ్ళు? వ్యవసాయ బావుల్లో. అవి లోతైన బావులు, తప్పు జరిగితే ప్రాణం పోయే చోటు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉండేది. నడుముకు బెండ్లు కట్టేవాళ్ళు. ఈత వచ్చిన మామో చిన్నాయినో ముందు నీళ్ళలోకి దిగి నిలబడేవాడు. మొదట మెట్ల దగ్గరే కాళ్ళు కొట్టడం. కొన్నాళ్ళకు ఒక బెండు తీసేవాళ్ళు, ఇంకొన్నాళ్ళకు ఇంకొకటి. బెండు లేకుండా ఈదినాకనే గట్టు మీంచి దూకనిచ్చేవాళ్ళు. బడి మెట్లెక్కని మనుషులు కట్టిన సిలబస్ అది. సర్టిఫికెట్ లేదు, పవర్‌పాయింట్ లేదు. పిల్లగాడు మాత్రం బతికి బట్టకట్టి ఈతగాడయ్యేవాడు.

స్నోబోర్డు పాఠంలో జరిగేదీ అచ్చం ఇదే. మొదటి గంటంతా ఒక కాలే బిగించి చదునునేల మీద నడిపిస్తారు. ఎలా పడాలో నేర్పుతారు: చేతులు చాపకుండా, పిడికిలి మూసి, వీలైతే పిరుదుల మీదికో మోకాళ్ళ మీదికో. తర్వాత మడమ అంచు మీద ఆగడం, తర్వాత వేళ్ళ అంచు. మలుపులు ఆ తర్వాతే. లిఫ్టు ఎక్కడం, దిగడం వేరే విద్య. ఆ లిఫ్టు దిగేచోట కుప్పలు కుప్పలుగా పడి ఉండేది మన యూట్యూబ్ పట్టభద్రులే!

ఆ బావుల సంగతి కూడా చెప్పాలి. వాటిలో చాలావరకు ఇప్పుడు లేవు. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కోసం మా మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళు బావులతో, గుళ్ళతో, పొలాలతో సహా నీళ్ళకింద పోయాయి. 2022 ఫిబ్రవరి 23న రిజర్వాయర్ ప్రారంభమైంది. ఆ ఊళ్ళవాళ్ళు గజ్వేల్ దగ్గరి కాలనీల్లో ఉంటున్నారు. నీళ్ళు పెరిగాయి, ఈత నేర్పే చోటు పోయింది. ఇంతకంటే విడ్డూరం ఉంటుందా? పక్కనే ఉన్న కొండపోచమ్మసాగర్‌కు 2025 జనవరి 11న హైదరాబాదు నుంచి సరదాగా వచ్చిన ఏడుగురు కుర్రవాళ్ళలో ఐదుగురు మునిగి చనిపోయారు. వాళ్ళను తప్పుపట్టడానికి రాయట్లేదు, చేతికొచ్చిన బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళకు మన నీతులు అక్కర్లేదు. కానీ కొత్తచోటు చూసేందుకు బయల్దేరే ప్రతి గుంపూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మనలో ఇది తెలిసినవాడు ఎవడు? మునిగితే ముందు నీళ్ళలో నిలబడి ఉండే మామ ఎవరు? ఆ ప్రశ్న నీళ్ళకెంత వర్తిస్తుందో మంచుకూ అంతే.

గుల్మార్గ్ పోయేవాళ్ళు నవ్వుకోవద్దు

ఇదంతా అమెరికా వాళ్ళ గోల అనుకుంటున్న గచ్చిబౌలి మిత్రులకు ఒక మాట. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ 2004లో తెరిచినప్పుడు మంచంటే కాసేపటి టికెట్టు. ఇప్పుడు నేరుగా గుల్మార్గ్ ప్యాకేజీ. మంచిదే. కానీ గుల్మార్గ్ గొండోలా రెండో దశ తీసుకెళ్ళేది అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు. అక్కడి నుంచి కిందికి జారడం అనుభవజ్ఞుల పని. 2023 ఫిబ్రవరిలో అక్కడి హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్. వాళ్ళు మంచు దేశాల్లో పుట్టినవాళ్ళు. "పైదాకా టికెట్టు ఉంది కదా, బోర్డు కూడా పట్టుకుపోదాం" అనే మన ధైర్యం ఏ పాటిదో ఆలోచించుకోండి.

ఇంకో సంగతి. గుల్మార్గ్ ఆకాశం మీద ఆధారపడ్డ కొండ. 2024 జనవరిలో సీజన్ నడుమ అక్కడ మంచే లేకుండా ఎండుగడ్డి కనిపించింది. వర్షాధార రైతుకు తెలిసిన నిజమే ఇది: ఆకాశాన్ని అడ్వాన్స్ బుకింగ్ చేసుకోలేం. రద్దు చేసుకోలేని టికెట్లు, కదలని తేదీలు పెట్టుకుని, మంచు పడలేదని ఆ ఊరివాళ్ళ మీద కసురుకోవడం ఏం సంస్కారం? నిజంగా నేర్చుకోవాలనుంటే గుల్మార్గ్‌లో కేంద్రప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది, రోజుల తరబడి నడిచే కోర్సులున్నాయి. కానీ మనకు గంటకింతని బోర్డు అద్దెకు తీసుకుని, ఫొటో దిగి, స్లెడ్జి లాగే మనిషితో యాభై రూపాయల దగ్గర బేరమాడ్డమే ఇష్టం.

వంట గడి, లాడ్జి గడి

షీటులో నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇది. టికెట్లు ఎనిమిది మందికే. ఆ ఎనిమిదీ మగవాళ్ళ పేర్లే. శ్రీమతుల పేర్లన్నీ వంట గడిలో, పిల్లల గడిలో ఉన్నాయి. "వాళ్ళకు ఇంట్రెస్టు లేదండీ." అడిగారా? అడిగితే సరిపోదు, పిల్లవాణ్ణి మీరు సగంరోజు చూసుకుంటానని చెప్పి అడిగారా? ఆమె కూడా మీలాగే టికెట్లు క్లోజ్ చేసి, స్టాండప్‌లు భరించి ఆ వీకెండు కోసం ఎదురుచూసింది. మీరు కొండ మీద, ఆమె స్టవ్ ముందు. దీన్ని ఫ్యామిలీ ట్రిప్ అంటారు!

ఇక ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. లాడ్జి కెఫెటీరియాలో ఒక బల్ల దగ్గర కూచోబెట్టి, తొమ్మిది కోట్లు, ఆరు బ్యాగులు వాళ్ళ ముందు కుప్పపోసి "ఇక్కడే ఉండండి, వచ్చేస్తాం" అని పోతే ఏడుగంటల తర్వాత తిరిగొస్తారు. వాళ్ళు మొహమాటానికి "బాగానే ఉంది బాబూ" అంటారు. కొలరాడో వెళ్ళేవాళ్ళయితే ఇంకా చూసుకోవాలి. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. బీపీ, షుగరు ఉన్న మనిషిని ఉదయం విమానం దింపి సాయంత్రానికి అక్కడికి చేర్చడం ఏం ప్రేమ?

పసుపు జాకెట్ల వాళ్ళు, ఎరుపు జాకెట్ల వాళ్ళు

2024 డిసెంబరు 27న పార్క్ సిటీలో స్కీ పెట్రోల్ వాళ్ళు సమ్మెకు దిగారు. గంటకు 21 డాలర్ల మొదటి జీతాన్ని 23 చెయ్యమని అడిగారు. జనవరి 8న ఒప్పందం కుదిరేదాకా కొండలో చాలా భాగం తెరవలేకపోయారు, క్యూలు పెరిగిపోయాయి. అప్పుడు మనవాళ్ళు కొందరు అన్న మాట: "పండగ సెలవులు చూసి బ్లాక్‌మెయిల్ చేస్తున్నారు." వాళ్ళెవరో తెలుసా? తెల్లవారకముందే పైకెక్కి, పేలుడు పెట్టి ప్రమాదకరమైన మంచును ముందే జార్చేవాళ్ళు. మీరు పడితే స్లెడ్జి మీద కట్టి కిందికి తెచ్చేవాళ్ళు. ఒక్కరోజు టికెట్టుకు మూడొందలు పెట్టగలిగినవాడు, తన ప్రాణం మోసేవాడికి గంటకు రెండు డాలర్లు పెంచితే గింజుకోవడం చూసి తొగుటవాడిగా నాకు సిగ్గేసింది. దీక్షా శిబిరాల్లో నెలలకు నెలలు కూచున్న ఊళ్ళ పక్కన పెరిగాం. అడగడం తప్పని ఎవరైనా అనొచ్చు, మనం అనకూడదు.

సరే, ఏం చెయ్యమంటావ్?

తిట్టి వదిలేస్తే వీడికి నోరే ఉంది అంటారు. అందుకని:

1. మొదటిసారి చిన్న కొండకు, మామూలు వారంలో, సెలవు లేని రోజున వెళ్ళండి. పీటీవో ఉన్నది అందుకే. పాఠం, బోర్డు అద్దె, కింది లిఫ్టు కలిపి కొత్తవాళ్ళకు ప్యాకేజీలు చాలాచోట్ల ఉంటాయి. నేను నేర్చుకున్నది అలాంటి ఊరూపేరూ లేని కొండ మీద, మూడు పాఠాలతో. పెద్ద కొండ మరుసటి ఏడాది కూడా అక్కడే ఉంటుంది.

2. హెల్మెట్, మణికట్టు గార్డులు తప్పనిసరి. జీన్సు వద్దు, మంచుకు తడిసి గడ్డకడుతుంది. కాటన్ మేజోళ్ళు కూడా వద్దు.

3. రోడ్డు కూడా ప్లానులో భాగమే. తాహో దారిలో గొలుసుల నిబంధన పెట్టినప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ బండైనా సరే గొలుసులు వెంట ఉండాలి. 2024 మార్చి మొదట్లో వచ్చిన మంచుతుఫానుకు ఐ-80 రోజుల తరబడి మూతపడింది. "సోమవారం స్టాండప్‌కు అందుకోవాలి" అని తుఫానులో బయల్దేరకండి. స్టాండప్ మీరు లేకుండా కూడా నడుస్తుంది.

4. కొండ మీద మొదటి నియమం: మీకంటే కిందున్నవాడికే హక్కు. వాణ్ణి తప్పించుకోవాల్సింది పైనుంచి వచ్చే మీరు. హైదరాబాదు రోడ్డు నియమం దీనికి సరిగ్గా తలకిందులు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను :) అలాగే వాలు మధ్యలో, పైవాళ్ళకు కనిపించని మలుపు కింద కూచుని గ్రూపు సెల్ఫీ దిగకండి.

5. ఆకుపచ్చ గుర్తు దారి మీద ఆగడం, రెండువైపులా తిరగడం వచ్చేదాకా నీలం వైపు చూడొద్దు. నల్ల వజ్రం గుర్తు దగ్గర ఫొటో కూడా వద్దు. తాడు కట్టి మూసిన చోటును దాటొద్దు, అది మనకోసమే కట్టారు.

6. ఇన్సూరెన్స్ కాగితం చదవండి. దేశం దాటుతుంటే ప్రయాణ బీమా తీసుకోండి. శీతాకాలపు ఆటలకు వర్తిస్తుందో లేదో అందులో చూసుకోండి.

7. పిల్లల డ్యూటీ సగం సగం. వంట ఒకపూట బయట తినండి, కొంప మునగదు.

"ఇన్ని పెట్టుకుంటే మజా ఏముంటుందండీ" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మజా ఎక్కడుంటుందో చెప్తాను. మూడో పాఠం అయ్యాక ఒకచోట చెక్క మీ మాట వినడం మొదలుపెడుతుంది. మడమ నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి మడమకు బరువు దానంతటదే మారుతుంది. మంచు మీద సర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అది ఒకరోజు టికెట్టుతో, ఒకరోజు ధైర్యంతో దొరకదు. అది దొరికినవాడు ఏటా కొండకు పోతాడు. అది దొరకనివాడు ఒక ఫొటో పెట్టి, నడుముకు బామ్ రాసుకుని, వచ్చే ఏడాది "ఆ, చేశాం లే" అంటాడు. మనవాళ్ళలో రెండోరకమే ఎందుకు ఎక్కువో ఆ షీటు చూస్తే తెలిసిపోతుంది. మనం నేర్చుకోవడానికి పోవట్లేదు, పోయామనిపించుకోవడానికి పోతున్నాం.

మా గ్రూపులో ఇదే మాట పెట్టాను. ముగ్గురు దండం బొమ్మ పెట్టారు, ఒకడు "గురువుగారూ చల్లబడండి, మంచులోకే కదా పోతున్నాం" అన్నాడు, ఒకామె మాత్రం పాఠం అనే గడి చేర్చి అందులో తన పేరు రాసింది. దాని కింద ఇంకా పదమూడు వరసలు ఖాళీగా ఉన్నాయి. మీ షీటులోనూ ఉంటాయి, తెరిచి చూసుకోండి.